పాత బుల్లెట్టుకు పెద్ద పిస్టను వేస్తే?

మీరెప్పుడైనా విశాఖపట్నం నుంచి అరకులోయకు రోడ్డు మీద వెళ్ళారా? పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటేవరకూ దారి చాలావరకు చదునుగానే ఉంటుంది. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. అక్కడి నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ, టైడా మీదుగా, అనంతగిరి కాఫీ తోటల పక్కగా పైకి పోతుంది. మొత్తం దూరం దాదాపు 115 కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున బయలుదేరిన మనిషి అరకు చేరేసరికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు చేరుకుంటాడు.

ఈసారి వెళ్ళినప్పుడు కొండల్ని చూడటంతోబాటు చెవి పెట్టి వినండి కూడా. లారీలు మూలుగుతూ ఎక్కుతుంటాయి. చిన్న మోటారు సైకిళ్ళు గుయ్యిమంటూ పోతాయి. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక పాత బుల్లెట్టు 'డుగ్ డుగ్ డుగ్' అంటూ కనిపిస్తుంది.

అలాంటి బుల్లెట్టు ఒకటి ఏదో మలుపులో ఆగిపోయిందనుకోండి. దాని మీద తండ్రీ కొడుకులు; వెనక సంతకు తీసుకుపోతున్న పసుపు మూట. ఇంజను కాలిపోతోంది. సైలెన్సరులోంచి నీలంరంగు పొగ వస్తోంది. కొడుకు అంటాడు: "నాన్నా, ఈ ఇంజనుకు వయసైపోయింది. ఇందులో 350 పిస్టను, సిలిండరు తీసేసి 500వి వేయిద్దాం. అప్పుడు చూడు, కొండ ఎలా ఎక్కుతుందో!"

ఈ మాట ఘాటురోడ్డులోనే కాదు, మోటారు సైకిళ్ళు బాగుచేసే ఏ షెడ్డు ముందు నిలబడ్డా వినిపించేదే. మరి ఆ కుర్రాడు చెప్పింది నిజమేనా? పెద్ద పిస్టను వేస్తే పాత బండి కొండెక్కుతుందా? తొందరపడి అవుననీ కాదనీ అనకండి. కాగితం, పెన్సిలు తీసుకోండి. తొమ్మిదో తరగతి లెక్కలు, భౌతికశాస్త్రం వస్తే చాలు. జవాబు మనమే కనుక్కోవచ్చు.

సి.సి. అంటే ఏమిటి?

350, 500 అని బళ్ళ మీద రాసి ఉండే అంకెలు వేగాన్ని చెప్పవు. అవి ఇంజను కడుపు ఎంత పెద్దదో చెబుతాయి. సిలిండరు అంటే గుండ్రని ఇనుప గొట్టం. అందులో పిస్టను పైకీ కిందికీ కదులుతుంటుంది. పిస్టను అడుగు నుంచి పైకి వచ్చేటప్పుడు ఎంత చోటును ఊడుస్తుందో ఆ ఘనపరిమాణమే ఇంజను సి.సి., అంటే ఘన సెంటీమీటర్లు.

దీన్ని లెక్కకట్టటం మీకు తెలిసిందే. స్తూపం ఘనపరిమాణం కనుక్కున్నట్లే. సిలిండరు లోపలి వ్యాసాన్ని 'బోరు' అంటారు. పిస్టను కదిలే దూరాన్ని 'స్ట్రోకు' అంటారు. పాత బుల్లెట్టు 350లో బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. అంటే వ్యాసార్ధం 3.5 సెం.మీ., ఎత్తు 9 సెం.మీ.

22/7 × 3.5 × 3.5 = 38.5 చదరపు సెం.మీ. ఇది పిస్టను తల వైశాల్యం. దాన్ని 9తో గుణిస్తే 346.5. అందుకే దాన్ని 350 అంటారు.

ఇంగ్లండులో పుట్టిన ఈ బండిని 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ తయారుచేయటం మొదలుపెట్టింది. తిరువొత్తియూరులోని కార్ఖానా నుంచి దేశమంతటికీ వెళ్ళింది. సైన్యానికీ, పోలీసులకూ కూడా చాలా కాలం వాహనమైంది. ఆ తరువాత అదే కుదురులో 500 సి.సి. బుల్లెట్టు కూడా వచ్చింది. దాని బోరు 84 మి.మీ. స్ట్రోకు మాత్రం అదే, 90 మి.మీ.!

మళ్ళీ లెక్క వేయండి. 22/7 × 4.2 × 4.2 = 55.44. తొమ్మిదితో గుణిస్తే 499.

చూశారా? వ్యాసం పెరిగింది 14 మి.మీ. మాత్రమే, అంటే 20 శాతం. సి.సి. మాత్రం 44 శాతం పెరిగింది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా, అందుకు. స్ట్రోకు మారలేదు కాబట్టి పిస్టనును ఆడించే క్రాంకు కొలత కూడా మారనక్కరలేదు. 'పై భాగాలు మారిస్తే 350 కాస్తా 500 అయిపోతుంది' అన్న ఆశ ఇక్కడే పుట్టింది.

వెంట్రుకవాసి పెద్దది

నిజానికి పాత ఇంజనులో పెద్ద పిస్టను వేయటం కొత్త సంగతేమీ కాదు. మీ ఊరి మెకానిక్కు ఎన్నోసార్లు చేసే పనే అది. "ఇంజను బోరుకొచ్చింది" అనటం మీరు వినే ఉంటారు. దాని అర్థమేమిటి?

పిస్టను నిమిషానికి కొన్ని వేలసార్లు సిలిండరు గోడల్ని రాసుకుంటూ పోతుంది. మధ్యలో నూనె పొర ఉన్నా ఏళ్ళ తరబడి తిరిగాక గోడలు అరుగుతాయి. అదీ అన్నివైపులా సమానంగా అరగవు. గుండ్రంగా ఉండవలసిన గొట్టం కాస్త కోలగా తయారవుతుంది. పిస్టను చుట్టూ ఉండే రింగులు కూడా అరుగుతాయి. అప్పుడు మండిన వాయువులు సందుల్లోంచి కిందికి జారిపోతాయి. కింది నూనె పైకి వచ్చి పెట్రోలుతోబాటు కాలుతుంది. మన కథలోని బుల్లెట్టు వదిలిన నీలం పొగ ఇదే. వాయువు జారిపోతే పిస్టనును నెట్టే బలం తగ్గుతుంది. కిక్కు కొట్టినప్పుడు కాలికి ఎదురు తగలకుండా తేలిగ్గా దిగిపోతుంది.

ఇలాంటి సిలిండరును మెకానిక్కు బోరింగు మిషను ఉన్న షాపుకు తీసుకుపోతాడు. అక్కడ లోపలి గోడను మళ్ళీ సరిగ్గా గుండ్రంగా వచ్చేవరకు చెక్కుతారు. చెక్కితే రంధ్రం కాస్త పెద్దదవుతుంది. పాత పిస్టను వదులవుతుంది. అందుకని కంపెనీలు అసలు కొలతకన్నా కొద్దిగా పెద్దవైన పిస్టన్లు కూడా తయారుచేసి అమ్ముతాయి. వీటినే ఓవర్‌సైజు పిస్టన్లంటారు.

అర మిల్లీమీటరు పెద్ద పిస్టను వేశామనుకోండి. బోరు 70.5 మి.మీ. అవుతుంది. సి.సి. ఎంత? మీరే కట్టండి. 351 దాటి కాస్త వస్తుంది. పెరిగింది అయిదు సి.సి.లే! ఆ అయిదు సి.సి.ల వల్ల బండికి కొత్త బలమేమీ రాదు. కానీ సందులు మూసుకుపోవటంతో కోల్పోయిన బలం తిరిగి వస్తుంది.

అంటే పెద్ద పిస్టన్లు రెండు రకాలన్నమాట. వెంట్రుకవాసి పెద్దది వేస్తే ఇంజనుకు వైద్యం చేసినట్లు. 14 మి.మీ. పెద్దది వేస్తే ఇంజన్నే మార్చినట్లు. మొదటిదాని సంగతి తేలిపోయింది. ఇక రెండోదాన్ని పరిశీలిద్దాం.

బరువు ఎవరు మోస్తారు?

ముందు ఒక చిన్న ప్రయోగం. మందుల షాపులో దొరికే కొత్త సిరంజీలు, సూదుల్లేకుండా, రెండు తీసుకోండి. ఒకటి సన్నది, ఒకటి లావుది. రెండింటిలోనూ నీళ్ళు నింపి, గాలి బుడగలు లేకుండా ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలపండి. ఇప్పుడు సన్నదాన్ని మీరు నొక్కండి, లావుదాన్ని మీ నేస్తాన్ని నొక్కమనండి. మీదే గెలుపు! లోపల పీడనం ఒకటే. కానీ లావు సిరంజీలో ఆ పీడనం పనిచేసే వైశాల్యం ఎక్కువ. అందుకని దాని మీద పడే బలం కూడా ఎక్కువ.

ఇంజనులోనూ అంతే. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మండినప్పుడు చదరపు సెంటీమీటరుకు 30 కిలోల పీడనం పుట్టిందనుకుందాం. 350 పిస్టను తల మీద పడే బలం 38.5 × 30 = 1155 కిలోలు. 500 పిస్టను మీద 55.44 × 30 = 1663 కిలోలు. అర టన్ను ఎక్కువ!

సంతోషించవలసిందే. కానీ ఆ అర టన్నును ఎవరు మోస్తారు? పిస్టను దాన్ని కనెక్టింగు రాడ్డుకు ఇస్తుంది. రాడ్డు క్రాంకు బేరింగుకు ఇస్తుంది. అక్కడి నుంచి క్లచ్చి ప్లేట్లకూ, గేరు పళ్ళకూ, చైనుకూ చేరుతుంది. ఇవన్నీ 1155 కిలోల ఇంట్లో పుట్టి పెరిగినవి. పైగా ఏళ్ళ తరబడి అరిగినవి. పెద్ద పిస్టను వేసినవారిలో చాలామందికి మొదట జారేది క్లచ్చి. బేరింగు వెంటనే ఏమీ అనదు. కొంతకాలానికి లోపలి నుంచి 'టక టక' మొదలవుతుంది.

బరువు సంగతి మరొకటి ఉంది. పిస్టను పైకి వెళ్ళినప్పుడల్లా బండిని పైకి లాగుతుంది, కిందికి దిగినప్పుడల్లా కిందికి తోస్తుంది. ఈ ఊపును తగ్గించటానికి క్రాంకు ఫ్లైవీళ్ళలో ఒక పక్క అదనపు బరువు ఉంచుతారు. తక్కెడలో రాయి వంటిదది. ఏ పిస్టనుకు ఎంత బరువో తూచి పెట్టినది. రెండో తట్టలో పిస్టను బరువు పెరిగి, ఈ తట్టలో రాయి మారకపోతే తక్కెడ కుదురుగా ఉంటుందా? బండి వణుకుతుంది. బోల్టులు వదులవుతాయి. హ్యాండిలు పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతాయి.

ఇక సిలిండరు కూర్చునే చోటు చూడండి. సిలిండరు అడుగుభాగం క్రాంకు పెట్టె నోట్లోకి కొంత దిగుతుంది. లావు సిలిండరుకు ఆ నోరు చాలదు. దాన్ని చెక్కించి వెడల్పు చేయాలి. చెక్కిన కొద్దీ చుట్టూ ఉండే అల్యూమినియం గోడ పలచబడుతుంది. ఒకసారి చెక్కిన లోహం తిరిగి రాదు.

పెద్ద కడుపుకు పెద్ద నోరు

కడుపు పెద్దదైతే తిండి ఎక్కువ కావాలి. ఇంజను తిండి గాలి, పెట్రోలు. రెంటినీ కలిపి వడ్డించేది కార్బురేటరు. 350 బుల్లెట్టు కార్బురేటరు గొంతు 24 మి.మీ., 500ది 28 మి.మీ. పాత గొంతుతో పెద్ద కడుపు నింపబోతే, నెమ్మదిగా పోయేటప్పుడు బాగానే ఉన్నా, వేగం పెరిగే కొద్దీ ఇంజనుకు ఊపిరాడదు. పెట్రోలు వదిలే జెట్టు సరిపడకపోతే మిశ్రమం పలచనవుతుంది. పలచని మిశ్రమం ఇంజన్ని విపరీతంగా వేడెక్కిస్తుంది.

తరువాత సంపీడనం. మిశ్రమాన్ని మండించే ముందు పిస్టను దాన్ని సిలిండరు పైనున్న చిన్న గదిలోకి నొక్కుతుంది. మొత్తం చోటుకూ ఆ చిన్న గదికీ ఉండే నిష్పత్తిని సంపీడన నిష్పత్తి అంటారు. పాత 350లో అది దాదాపు 7 అనుకుందాం. అప్పుడు చిన్న గది 58 ఘ.సెం.మీ. ఉంటుంది. సరిచూసుకోండి: 346 + 58 = 404; దాన్ని 58తో భాగిస్తే 7 వస్తుంది. ఆ గది అలాగే ఉండి కింద మాత్రం 499 సి.సి. పెట్టామనుకోండి. 499 + 58 = 557; 58తో భాగిస్తే 9.6!

సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి గట్టిగా నొక్కితే పంపు వేడెక్కటం మీకు తెలుసు. గాలిని ఎంత నొక్కితే అంత వేడి. పాతకాలపు ఇంజనులో మిశ్రమాన్ని 9.6 రెట్లు నొక్కితే, ప్లగ్గు నిప్పురవ్వ వేశాక మంట వరసగా పాకకుండా, ఇంకా మండని భాగం తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమనవచ్చు. సుత్తితో కొట్టినట్లు చప్పుడవుతుంది. దీన్నే నాకింగు అంటారు. అది కొనసాగితే పిస్టను తలకే చిల్లుపడవచ్చు. కాబట్టి పై గది కూడా పెద్దదై ఉండాలి, అంటే హెడ్డు కూడా మారాలి. అసలు 350 హెడ్డు 500 సిలిండరు మీద సరిగ్గా కూర్చోదు కూడా.

కొడుకు చెప్పింది పిస్టను, సిలిండరు. మన జాబితాలోకి ఇప్పటికే హెడ్డు, కార్బురేటరు, క్లచ్చి, క్రాంకు, బేరింగులు వచ్చి చేరాయి.

ఇంతా చేస్తే లాభమెంత? కంపెనీ లెక్కల ప్రకారం పాత బుల్లెట్టు 350 గరిష్ఠ సామర్థ్యం దాదాపు 18 హార్స్ పవర్. 500ది దాదాపు 22. సి.సి. 44 శాతం పెరిగితే సామర్థ్యం 22 శాతమే పెరిగింది! గాలి వచ్చే దారి అదే నిష్పత్తిలో పెరగకపోవటం, సంపీడన నిష్పత్తిని కాస్త తగ్గించవలసి రావటం ఇందుకు కారణాలు. కడుపు పెరిగినంత మాత్రాన బలం అంతే పెరగదన్నమాట.

వేడి ఎక్కడికి పోవాలి?

బుల్లెట్టు ఇంజన్ని చల్లబరిచేది గాలి. సిలిండరు చుట్టూ ఉండే రెక్కల మీదుగా గాలి పోతూ వేడిని తీసుకుపోతుంది.

సిలిండరు గోడ వైశాల్యం కట్టండి. 350లో 22/7 × 7 × 9 = 198 చ.సెం.మీ. 500లో 22/7 × 8.4 × 9 = 237.6 చ.సెం.మీ. పెరిగింది 20 శాతం. కానీ మండే మిశ్రమం పెరిగింది 44 శాతం. వేడి పుట్టేది ఎక్కువ, బయటికి పోయే దారి తక్కువ. పెద్ద కుండలో అన్నం చిన్న గిన్నెలో అన్నంకన్నా ఎక్కువసేపు వేడిగా ఉండటానికి కారణం ఇదే.

ఘాటురోడ్డులో ఇది మరీ ముఖ్యం. చదును రోడ్డు మీద వేగంగా పోయే బండికి గాలి బాగా తగులుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ పనిచేస్తుంది, బండి మాత్రం నెమ్మదిగా పోతుంది. వేడి ఎక్కువ, గాలి తక్కువ. పిస్టను అల్యూమినియం, సిలిండరు ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హద్దు మీరి వేడెక్కితే పిస్టను ఉబ్బి సిలిండరులో బిగుసుకుపోతుంది. దీన్నే 'ఇంజను పట్టేసింది' అంటారు. ఒక్క క్షణంలో వెనక చక్రం తిరగటం మానేస్తుంది. ఒక పక్క కొండ, మరొక పక్క లోయ ఉన్న మలుపులో చక్రం బిగిసిపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు వెంటనే క్లచ్చి పట్టుకోవాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

కొండ అడిగేదెంత?

ఇంతవరకూ ఇంజను ఏమి ఇస్తుందో చూశాం. అసలు కొండ ఏమి అడుగుతుందో చూడలేదు కదూ?

బండీ, ఇద్దరు మనుషులూ, మూటా కలిసి 300 కిలోలు అనుకుందాం. రోడ్డు ప్రతి 15 మీటర్లకూ ఒక మీటరు పైకి పోతోందనుకుందాం. అంత వాలులో బండిని వెనక్కు లాగే బలం 300 ÷ 15 = 20 కిలోలు. రోడ్డు రాపిడికీ, గాలి ఎదురుకూ ఇంకో 10 కిలోలు వేద్దాం. మొత్తం 30 కిలోలు. బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు పోతోంది. సెకనుకు చేసే పని 30 × 10 = 300 కిలోగ్రాము మీటర్లు. సెకనుకు 75 కిలోగ్రాము మీటర్ల పని చేస్తే ఒక హార్స్ పవర్. కాబట్టి కావలసింది 300 ÷ 75 = 4 హార్స్ పవర్!

నాలుగే! గేర్లలో, చైనులో పోయేది కూడా కలిపితే అయిదు. పై ఎత్తులో గాలి పలచన అన్నమాట నిజమే. 900 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో కన్నా దాదాపు పదోవంతు తక్కువ. ఇంజను పీల్చే గాలీ అంతే తగ్గుతుంది, సామర్థ్యమూ దాదాపు అంతే తగ్గుతుంది. 18లో పదోవంతు పోయినా 16 మిగులుతుంది. కావలసిన దానికి మూడు రెట్లు! దాదాపు 7 హార్స్ పవర్ ఉన్న వంద సి.సి. బళ్ళు కూడా ఇద్దరిని ఎక్కించుకుని ఏజెన్సీ ఊళ్ళకు వెళ్ళగలుగుతున్నది ఇందువల్లే.

మరి ఆ బుల్లెట్టు ఎందుకు ఆగిపోయింది? రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, బోరుకొచ్చిన ఇంజను. ఉన్న బలం సందుల్లోంచి పోతోంది. రెండు, గేరు.

గేరు చేసే మేలు

18 హార్స్ పవర్ అన్నది ఇంజను నిమిషానికి 5,600 చుట్లకు పైగా తిరిగేటప్పటి మాట. నెమ్మదిగా తిరిగితే అందులో కొంత భాగమే వస్తుంది. పెద్ద గేరులో కొండ ఎక్కబోతే ఇంజను వేగం పడిపోతుంది, బలం చాలదు, వేడి పెరుగుతుంది, ఆగిపోతుంది. చిన్న గేరులో పెడితే ఇంజను హాయిగా తిరుగుతుంది. చక్రం నెమ్మదిగా, కానీ ఎక్కువ బలంతో తిరుగుతుంది. వేగం ఇచ్చి బలం పుచ్చుకోవటమే గేరు చేసే బేరం.

ఇది మీ సైకిలు మీద చూడవచ్చు. పెడలు దగ్గరి పళ్ళచక్రంలో ఎన్ని పళ్ళు ఉన్నాయో, వెనకదానిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 44, 18 ఉన్నాయనుకోండి. పెడలు ఒకసారి తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. గేర్లున్న సైకిలు దొరికితే వెనక పెద్ద పళ్ళచక్రం వేసి ఎత్తు ఎక్కి చూడండి. కాళ్ళు ఎక్కువసార్లు తిప్పాలి, కానీ తేలిగ్గా ఎక్కుతారు. మీ కాళ్ళ బలం పెరిగిందా? లేదు. దాన్ని వాడుకునే తీరు మారింది.

మోటారు సైకిలులోనూ గేరుపెట్టె బయట ఒక చిన్న పళ్ళచక్రం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ముందు స్ప్రాకెట్టంటారు. దానికి 17 పళ్ళుంటే, 16 పళ్ళది వేశామనుకోండి. 17ను 16తో భాగిస్తే 1.06. అన్ని గేర్లలోనూ చక్రానికి అందే లాగుడు ఆరు శాతం పెరుగుతుంది. చదును మీద వేగం అంతే తగ్గుతుంది. ఇంజన్ని విప్పనక్కరలేదు, లోహాన్ని చెక్కనక్కరలేదు. కొండ ప్రాంతంలో తిరిగే బండికి ఇది ఎంత తక్కువ ఖర్చులో ఎంత తెలివైన మార్పో ఆలోచించండి.

దిగేటప్పుడో?

ఎక్కటం గురించి ఇంత మాట్లాడుకున్నాం. ఎక్కిన బండి దిగాలి కదా!

300 కిలోల బరువు 900 మీటర్లు దిగితే విడుదలయ్యే స్థితిజశక్తి 2,70,000 కిలోగ్రాము మీటర్లు. 427 కిలోగ్రాము మీటర్లు ఒక కిలో కేలరీతో సమానం. కాబట్టి దాదాపు 630 కిలో కేలరీలు. తొమ్మిది లీటర్ల చన్నీళ్ళను మరిగే వేడికి తెచ్చేంత! ఇదంతా గాలిలోకో, ఇంజనులోకో, బ్రేకుల్లోకో పోవాలి. దారి పొడవునా బ్రేకు మీదే కాలు వేసి ఉంచితే డ్రమ్ములు కాలిపోయి బ్రేకు పట్టటం తగ్గిపోతుంది.

అరకు మీదుగా పోయే కొత్తవలస - కిరందుల్ రైలు మార్గం చూడండి. బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న రైళ్ళు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషను దాటి విశాఖ వైపు దిగుతాయి. వేల టన్నుల బరువును లాగటం ఎంత కష్టమో, దిగేటప్పుడు అదుపులో ఉంచటం అంతకు తక్కువ కష్టమేమీ కాదు.

ఇంజన్ని పెద్దది చేసినవారు బ్రేకుల్ని మరచిపోవటం మామూలు. ఎక్కలేని బండి రోడ్డు పక్కన ఆగుతుంది. దిగేటప్పుడు ఆగలేని బండి ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమంటారు. అప్పుడు ఇంజనే సగం బ్రేకుగా పనిచేస్తుంది.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్లు మార్చకూడదు. రిజిస్ట్రేషను పత్రంలో 346 అని ఉండి బండిలో 499 ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమాకు కూడా చిక్కు వస్తుంది.

ఆ తండ్రీ కొడుకులకు ఏమి చెబుదాం?

ఇప్పుడు మీరే ఆ మలుపు దగ్గర ఉన్నారనుకోండి. ఏమంటారు?

ముందు కిక్కు కొట్టి సంపీడనం చూడమనండి. నీలం పొగ ఉంది కాబట్టి సిలిండరును కొలిపించి, అవసరమైతే బోరు చేయించి వెంట్రుకవాసి పెద్ద పిస్టను వేయించమనండి. కవాటాలు సరిగా మూసుకుంటున్నాయో లేదో, క్లచ్చి జారుతోందేమో, గాలి జల్లెడలో దుమ్ము పేరుకుందేమో చూడమనండి. ఆ తరువాత కూడా లాగుడు చాలకపోతే ముందు స్ప్రాకెట్టులో ఒక పన్ను తగ్గించమనండి. అన్నిటికన్నా ముందు బ్రేకులు!

కుర్రాడి ఆలోచన పిచ్చిదేమీ కాదు. కంపెనీవారే ఆ కుదురు మీద 500 తయారుచేశారు. కానీ వారు ఒక్క పిస్టనునే మార్చలేదు, దానితో పనిచేసే భాగాలన్నిటినీ మళ్ళీ లెక్కవేసి సరిచూశారు. ఇంజను ఉమ్మడి కుటుంబం వంటిది. ఒకరి ఆకలి పెరిగితే వండేవారికీ, మోసేవారికీ, సంపాదించేవారికీ అందరికీ ఆ సంగతి తెలియాలి.

ఈ కొండల్లో మోటారు సైకిలు షోకు వస్తువు కాదు. రోడ్డు లేని గూడేల నుంచి రోగుల్ని, నిండు గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకు రావలసిన చోట్లు ఇంకా ఉన్నాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లో అంబులెన్సులుగా మోటారు సైకిళ్ళను ప్రవేశపెట్టింది ఇలాంటి అవసరం కోసమే. అర్ధరాత్రి డోలీ దిగిన మనిషిని ఆసుపత్రికి చేర్చవలసిన బండి ఎంత జోరుగా పోతుందన్నది తరువాతి మాట. ముందు అది నడవాలి, మలుపులో పట్టేయకూడదు, దిగేటప్పుడు ఆగాలి.

ఇక మీ వంతు. యమహా ఆర్.ఎక్స్. 100 అనే బండి మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. దాని బోరు 50 మి.మీ., స్ట్రోకు కూడా 50 మి.మీ. అదే కంపెనీవారి ఆర్.ఎక్స్. 135లో స్ట్రోకు అంతే, బోరు మాత్రం 58 మి.మీ. మొదటిది రెండోదిగా మారితే సి.సి. ఎంత శాతం పెరుగుతుంది? సిలిండరు గోడ వైశాల్యం ఎంత శాతం పెరుగుతుంది? లెక్క కట్టి మీ మాస్టారికి చూపించండి. తరువాత మీ ఊరి మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, అరిగిపోయిన పాత పిస్టను ఒకటి అడిగి చేత్తో పట్టుకు చూడండి. దాని పక్కల మీద నిలువుగా పడిన గీతలు కనిపిస్తాయి. అవి ఎలా పడ్డాయో ఇప్పుడు మీరు ఇతరులకు చెప్పగలరు.